మందకు దారి ఏది?

కోతలు ముగిసి పొలాలు ఖాళీ అయ్యే రోజుల్లో బస్సు ప్రయాణం చేసేవారందరికీ తెలిసిన సంగతే ఇది. ఉన్నట్టుండి డ్రైవరు బ్రేకు వేస్తాడు. ముందర రోడ్డు నిండా గొర్రెలు! వాటి వెనక భుజాన గొంగడి, చేత కర్ర పట్టుకుని ఇద్దరు ముగ్గురు మనుషులు. గాడిద మీదనో, ఈ కాలంలో అయితే మోటారు సైకిలు మీదనో వంట గిన్నెలూ, ఇంకా నడవలేని గొర్రెపిల్లలూ. పది నిమిషాలు ఆలస్యమైందని మనం విసుక్కుంటాం. ఆ దారిన ముందుగా నడిచింది బస్సు కాదు, మంద అన్న సంగతి మనకు తట్టదు.

వీరిని చూసి ఇల్లూ వాకిలీ లేని దేశదిమ్మరులనుకునే వారున్నారు. అది నిజం కాదు. మన గొల్లలకూ, కురుమలకూ ఊళ్లున్నాయి, ఇళ్లున్నాయి. వానలు పడ్డ కొన్నాళ్లు ఊరి బీళ్లలోనూ, గుట్టల మీదనూ మేపుకుంటారు. అక్కడ మేత అయిపోగానే కదులుతారు. పాలమూరు మందలు అనేకం కృష్ణ వైపుకూ, నల్లమల అంచులకూ దిగుతాయి. ఏ నెలలో ఏ చెరువులో నీరుంటుందో, ఏ ఊళ్లో కోతలెప్పుడో వారికి పంచాంగం కంటె బాగా తెలుసు.

పోయిన చోట వారు ఊరికే మేపుకుని పోరు. రాత్రిళ్లు రైతు పొలంలో మంద పెడతారు. పెంటికలూ, మూత్రమూ నేలకు మంచి బలం. అందుకు రైతు ప్రతిఫలం ఇస్తాడు.

"రాత్రికి ఎంత ఇస్తారు తాతా?" అని అడిగాను, దారిలో కలిసిన ఒక ముసలి కురుమను.

"మా నాయన నాడు వడ్లు కొలిచేటోళ్లు సారూ. ఇప్పుడు పైసలిస్తరు, మందను బట్టి లెక్క" అన్నాడు. కాస్సేపాగి, "ఎరువు కావాలె గాని, మంద వద్దంటరు. అట్లున్నది మా బతుకు" అన్నాడు.

ఆ మాటలో చాలా అర్థమున్నది. బోరుబావులు వచ్చాక ఒక పంట నేల రెండు పంటల నేల అయింది. మంద ఆగడానికి ఖాళీ దొరకదు. బీళ్లు ఇళ్ల స్థలాలయినాయి. మిగిలిన పోరంబోకులో మొక్కలు నాటి కంచె వేశారు. మొక్కలు నాటడం మంచి పనే. కాని 2019లో హుజూరాబాదులో నాటిన మొక్కలు తిన్నాయని రెండు మేకలను పోలీసు స్టేషనుకు తెచ్చి, యజమానికి జరిమానా వేశారు! పత్రికల్లో చదివి మనం నవ్వుకున్నాం. మేకలవాడికి నవ్వు వచ్చి ఉండదు.

గొర్రె కూడా మారింది. ఒకప్పుడు తెలంగాణా మందల్లో నల్లని ఉన్ని గల దక్కనీ గొర్రెలు ఎక్కువ. ఆ ఉన్నిని ఆడవాళ్లు వడికితే మగవాళ్లు గొంగళ్లు నేసేవారు. ఎండకూ, వానకూ, చలికీ ఆ గొంగడే గొడుగూ, దుప్పటీ. ఉన్నికి ధర పోయి, మాంసానికి ధర వచ్చేసరికి, ఉన్ని లేని ఎత్తయిన నెల్లూరు జాతి ఆ స్థానం ఆక్రమించింది. 2017లో తెలంగాణా ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో, కుటుంబానికి 20 గొర్రెలూ ఒక పొట్టేలూ ఇచ్చే పథకం ప్రారంభించింది. గొర్రెలు ఇచ్చారు సరే, మరి గడ్డి?

గడ్డి తగవు మనకు కొత్త కాదు. కరువులో కాటమరాజు ఆలమందలను నెల్లూరు సీమకు తోలుకుపోయి, నల్లసిద్ధి రాజుతో పుల్లరి ఒడంబడిక చేసుకున్నాడనీ, అది చెడి ఎర్రగడ్డపాడు యుద్ధం జరిగిందనీ, ఖడ్గతిక్కన అందులోనే మడిశాడనీ కథ. ఆ పుల్లరే తెల్లదొరల నాడు అడవి పన్నుగా వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఊరివారి అడవి సర్కారుదయింది. పల్నాటిలో పుల్లరి కట్టబోమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలి అయ్యాడు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ కథను తిరగరాసింది. అడవిలో మేపుకునే హక్కునూ, సంచార పశుపోషకులు ఏటా సమయానికి వచ్చి అడవిని వాడుకునే హక్కునూ అది పేరు పెట్టి గుర్తించింది. వారి దరఖాస్తులను వారు ఊళ్లో ఉన్నప్పుడే విచారించాలని 2007 నిబంధనలు చెబుతున్నాయి. కాని గిరిజనులు కానివారు 2005 డిసెంబరు 13 నాటికి 75 ఏళ్లుగా ఆ అడవి మీద ఆధారపడినట్లు రుజువు చూపాలి. స్థిరంగా ఉన్నవాడికి పట్టా ఉంటుంది, శిస్తు రశీదు ఉంటుంది. ఏటా రెండు నెలలు వచ్చి పోయేవాడికి ఏ కాగితముంటుంది? పైగా ఈ చట్టం అడవికే గాని, దారికీ, చెరువుగట్టుకూ, రైతు బీడుకూ వర్తించదు.

ఇక్కడే ఉన్నది చిక్కు. మన చట్టాలు నేల ఎవరిది అని అడుగుతాయి. గొల్లవాడు నేల నాదనడు. కోత అయిన తరువాత, విత్తనం పడక ముందు, ఆ కొద్ది రోజుల గడ్డి నాది అంటాడు. ఆ కొద్ది రోజుల హక్కు రాసుకోవడానికి పాసు పుస్తకంలో చోటు లేదు.

ఐక్యరాజ్య సమితి 2026ను మేతభూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. సభలతో కడుపు నిండదు. మందలు నడిచే దారులను గ్రామ పటాల్లో గుర్తించాలి. మొక్కలు నాటేటప్పుడు మందకు కొంత చోటు వదలాలి. దారి పొడుగునా గొర్రెలకు టీకాలు అందాలి. తండ్రి మంద వెంట పోతే పిల్లవాడు చదువుకోవడానికి ఊళ్లో హాస్టలు ఉండాలి.

ఇది వారి కష్టం మాత్రమే అనుకోకండి. మాంసం ధర చూసి నిట్టూర్చే ఇల్లాలికీ, ఎరువుల ఖర్చుకు బెంబేలెత్తే రైతుకూ ఆ మందతో పని ఉన్నది. మంద దారి మూసుకుపోతే ఆ నష్టం గొల్లవారి గుడిసె దగ్గరే ఆగదు.