పెన్సిల్ గీత ఖరీదు రెండు మామిడి చెట్లు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి. కాగితం మీద ఒక అంగుళం అంటే నేల మీద 330 అడుగులు. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు కాబట్టి సరిగ్గా అయిదు గొలుసులు. ఆ పటం మీద అర మిల్లీమీటరు మందాన పెన్సిల్‌తో గీత గీస్తే అది నేల మీద దాదాపు రెండు మీటర్ల వెడల్పు. వంద మీటర్ల గట్టు పొడవునా ఆ గీత కింద పడిపోయే నేల 198 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర అయిదు సెంట్లు. ఎన్టీఆర్ జిల్లా విస్సన్నపేట వైపు మామిడి తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య పది మీటర్లు వదిలి నాటారనుకుంటే ఒక్కో చెట్టుకు వంద చదరపు మీటర్లు పడుతుంది. గీత ఇటు జరిగితే రెండు చెట్లు మనవి, అటు జరిగితే పక్క రైతువి.

అందుకే గ్రామ పటం పట్టుకుని హద్దు తేల్చలేం. ఊళ్లో ఏ సర్వే నంబరు ఎక్కడుందో చూడటానికే అది పనికొస్తుంది. హద్దు తేలేది ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ అనే ఎఫ్‌ఎంబీలో. ప్రతి సర్వే నంబరుకూ ఒక పేజీ ఉండే ఈ పుస్తకంలో గీతల కంటే వాటి పక్కన రాసిన అంకెలే ముఖ్యం. పొలాన్ని త్రిభుజాలుగా కోసి, రాయి నుంచి రాయికి లాగిన ఆధార రేఖను జీ-లైన్ అంటారు. ఆ రేఖ నుంచి గట్టు మలుపు ఎంత దూరంలో ఉందో లంబంగా కొలిచి రాస్తారు. ఆ మలుపులన్నీ కలిపితే వచ్చే పొలం హద్దే ఎఫ్-లైన్. కాగితం చిరిగినా, జిరాక్సులో సాగినా నష్టం లేదు. అంకెలు కనిపిస్తే చాలు, సర్వేయరు ఆ హద్దును మళ్లీ నేల మీద పెట్టగలడు.

ఈ అంకెలు చదవడం రైతుకు రాని విద్యేం కాదు. గొలుసులో వంద లింకులుంటాయి. పది చదరపు గొలుసులు ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. కాబట్టి వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఒక త్రిభుజానికి ఆధార రేఖ 400 లింకులు, ఎత్తు 250 లింకులు అని రాసి ఉంటే, రెండూ గుణించి సగం చేస్తే 50,000. వెయ్యితో భాగిస్తే 50 సెంట్లు. మీటర్లలో ఉన్న కొత్త పేజీలైతే చదరపు మీటర్లను 40.47తో భాగించాలి. పాసు పుస్తకంలో 62 సెంట్లు రాసి, ఎఫ్‌ఎంబీ లెక్క 57 దగ్గర ఆగితే గొడవ ఎక్కడుందో సర్వేయరు రాకముందే తెలిసిపోతుంది.

ఇక ఫీజు సంగతి. పటాలకు ప్రభుత్వం ఎక్కువ వసూలు చేస్తోందన్న ఫిర్యాదులో రెండు వేర్వేరు వస్తువుల ధరలు కలిసిపోయి ఉంటాయి. మొదటిది, ఎప్పుడో కొలిచి పెట్టిన పటం నకలు. రెండోది, ఇవాళ మనిషి వచ్చి కొలవడం. నకలు తయారీకి కొత్తగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అడంగల్, 1-బీ రికార్డులతో పాటు ఎఫ్‌ఎంబీని, గ్రామ పటాన్ని కూడా ఆన్‌లైన్‌లో చూసుకునే వీలు 2015లో వచ్చిన ప్రభుత్వ పోర్టల్ మీభూమి కల్పించింది. అక్కడ దొరకని పాత పేజీ కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆ పైన రూ.10. మామూలు కాగితం నకలు పేజీకి రూ.2. పటాలకు మాత్రం నిర్ణీత ధర లేదు. కూలి, సామగ్రి ఖర్చు చూసి సమంజసంగా వేయాలన్నది నియమం. ఆ సమంజసం ఎంతో తేల్చేది అధికారే కాబట్టి, ఎంత కడుతున్నారో దేనికి కడుతున్నారో రసీదు మీద రాయించుకోవడం మంచిది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఈ ఖర్చు ఉండదు. 30 రోజుల గడువు దాటితే ఎవరికైనా ఉచితంగా ఇవ్వాల్సిందేనని చట్టంలోని సెక్షన్ 7(6) చెబుతోంది. సెక్షన్ నంబరు వేసి రాసిన దరఖాస్తుకు ఆఫీసుల్లో మర్యాద కొంచెం ఎక్కువ.

రెండోదే అసలు ఖర్చు. ఎఫ్-లైన్‌కు దరఖాస్తు పెడితే సర్వేయరు సరిహద్దు రైతులకు నోటీసులిచ్చి, రోజు ఖాయం చేసుకుని పొలానికి రావాలి. ప్రభుత్వానికి కట్టే చలానా కంటే దాని చుట్టూ అయ్యే ఖర్చే తడిసి మోపెడవుతుంది. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. రైతు పని మానుకుని మూడుసార్లు మండల ఆఫీసుకు తిరిగాడనుకుందాం, రూ.921 పోయినట్టే. కొలిచే రోజున తుప్పలు కొట్టడానికి, రాళ్లు మోయడానికి ఇద్దరు కూలీలు, మరో రూ.614. మొత్తం రూ.1,535. బస్సు చార్జీలు, పక్క రైతు రానందుకు వాయిదా పడిన రోజు ఇందులో లేవు. నిజానికి ఉపాధి కూలికి తోట పనికి మనుషులు దొరుకుతారా అన్నది వేరే సంగతి. ఈ లెక్క ప్రభుత్వ ఫీజుల జాబితాలో ఎక్కడా కనపడదు.

అందరినీ ఒకేసారి కొలిస్తే ఎంతవుతుంది? దానికీ దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేటలో 2020 డిసెంబరు 21న రాష్ట్ర రీసర్వేను ప్రారంభించారు. తక్కెళ్లపాడు అందులో మొదటి గ్రామం. అప్పట్లో ప్రకటించిన అంచనా రూ.1,000 కోట్లు, గ్రామాలు సుమారు 17,500, విస్తీర్ణం సుమారు 1.2 లక్షల చదరపు కిలోమీటర్లు. భాగించి చూస్తే గ్రామానికి రూ.5.7 లక్షలు, ఎకరానికి రూ.340 లోపు. పైన మన రైతు ఒక్కడే పెట్టుకున్న రూ.1,535లో నాలుగో వంతు కూడా కాదు. పైగా బేస్ స్టేషన్ల సాయంతో రోవర్ అనే ఉపగ్రహ కొలత పరికరం పెట్టి కొలిస్తే తేడా 5 సెంటీమీటర్ల లోపే ఉండొచ్చు. వంద మీటర్ల గట్టుకు అది 5 చదరపు మీటర్లు, సెంటులో ఎనిమిదో వంతు. ఇప్పుడు మామిడి చెట్టు కాదు, కొమ్మ దగ్గరే పేచీ.

ఈ అంకెల పక్కన రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టి చూడాలి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. పది లక్షల దస్తావేజుకు రూ.75,000. అంత కట్టినా సబ్‌ రిజిస్ట్రారు పొలం కొలిపించడు. దస్తావేజులో తూర్పున ఫలానావారి భూమి, పడమర డొంక అని రాసిందే హద్దు. తిరువూరు దాటి తెలంగాణలోని ఖమ్మం జిల్లాలోకి వెళ్తే మ్యుటేషన్‌కు ఎకరానికి రూ.2,500. అక్కడ 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జత చేయాలన్న నిబంధన ఉంది. ఆలోచన సరైనదే. కానీ ఆ పటం ఖర్చు మ్యుటేషన్ రుసుములో కలిపేస్తారా, దాని మీద ఇంకో పద్దుగా రైతు నెత్తిన పడుతుందా అన్నదే చూడాలి.

నకలుకు ధర పెడితే ఏమవుతుందో అమెరికా ఒకసారి చవిచూసింది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల అమ్మకాన్ని 1980ల్లో ప్రైవేటుకు ఇచ్చాక ఒక్కో దృశ్యం ధర 4,400 డాలర్ల దాకా వెళ్లింది. 1999 తర్వాత 600 డాలర్లకు దించారు. బాగా అమ్ముడైన 2001లో కూడా ఏడాదికి పాతిక వేల దృశ్యాలు దాటలేదు. 2008లో ఉచితం చేశాక లెక్క లక్షల్లోకి పోయింది. మన సర్వే ఆఫ్ ఇండియా 2017లో ‘నక్షే’ పోర్టల్ ద్వారా 1:50,000 పటాలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే, కానీ రైతుకు అక్కరకు రాదు. ఆ పటం మీద ఎకరం పొలం 1.3 మిల్లీమీటర్ల చదరం, ఆవగింజంత. రైతుకు కావలసింది పేజీ నిండా పొలం, దాని మీద అంకెలు.

రీసర్వే అయిన ఊళ్లలో ఎఫ్‌ఎంబీ స్థానంలో ల్యాండ్ పార్శిల్ మ్యాప్ అనే ఎల్‌పీఎం వచ్చింది. వేర్వేరు రైతుల భూములను ఒకే ఎల్‌పీ నంబరులో కలిపేసిన చోట్ల అమ్మకాలకూ పంపకాలకూ చిక్కులొచ్చాయి. విడగొట్టుకోవాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. కలిపింది సర్వే వాళ్లు, విడదీసే ఖర్చు రైతుది. 2025లో ప్రభుత్వం ఆ రుసుమును రూ.50కి తగ్గించింది. పైన చెప్పిన రూ.307 కూలి లెక్కన రూ.50 అంటే గంటంబావు పని. దరఖాస్తు పెట్టాక సర్వేయరు వచ్చేదాకా పోయే రోజుల లెక్క మాత్రం ఆ రూ.50లో లేదు.