‘డ్రిల్లు మాస్టారు’ చదువు ఆషామాషీ కాదు

శ్రీకాకుళం: ‘ఆటలాడుకోడానికి కాలేజీ ఏటండి? బియ్యే చదివిన పిల్ల మళ్ళీ ఈల ఊదడం నేర్చుకోవాలా?’ - కబడ్డీలో పేరు తెచ్చుకున్న ఆడపిల్ల బీపీఈడీ చదువుతానంటే పల్లెల్లో చాలామంది తండ్రులు వేసే ప్రశ్న ఇదే.

ఈ చదువు జిల్లాకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేశారు. కలియుగ భీముడన్న పేరు ఆ తర్వాత వచ్చింది.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి బరువులెత్తడం నేర్చింది ఊసవానిపేటలోనే. ఆమెకు ఓనమాలు దిద్దించినది గురువు నీలంశెట్టి అప్పన్న. పతకం వెనుక నేర్పేవాడొకడు ఉండి తీరాలి.

పరుగే ప్రవేశ పరీక్ష

డిగ్రీ పాసైనవారు బీపీఈడీకి, ఇంటర్ పాసైనవారు డీపీఈడీకి పీఈసెట్ ద్వారా చేరవచ్చు. కాగితం మీద రాసే పరీక్ష ఉండదు. వంద మీటర్ల పరుగు, గుండు విసరడం, పొడవు దూకడం లేదా ఎత్తు దూకడం ఉంటాయి. వీటితోపాటు మగవారు 800 మీటర్లు, ఆడవారు 400 మీటర్లు పరుగెత్తాలి. తమకు వచ్చిన ఆటలో నైపుణ్యం కూడా చూపాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే వ్యాయామ విద్యా విభాగం ఉంది.

2015 నుంచి బీపీఈడీ రెండేళ్ల చదువయింది. ఎముకలు, కండరాల అమరిక, గుండె, ఊపిరితిత్తుల పని, యోగా, పిల్లల మనస్తత్వం పాఠాలుగా ఉంటాయి. 400 మీటర్ల ట్రాక్‌కు కొలతలు వేసి సున్నంతో గీతలు గీయడం నేర్పుతారు. బడులకు వెళ్ళి పాఠం చెప్పి చూపించాలి.

గాయమైతే...

ఆటలో చీలమండ బెణికితే వెంటనే నూనె రాసి గట్టిగా తోమడం, లాగడం పల్లెల్లో అలవాటు. దానివల్ల వాపు ఎక్కువవుతుంది. శిక్షణ పొందినవారు ముందు ఆట ఆపిస్తారు. గుడ్డలో చుట్టిన ఐసును పావుగంట ఉంచి, కట్టు కట్టి, కాలు ఎత్తుగా పెట్టిస్తారు. కాలు మోపలేకపోతే ఎక్స్‌రేకి పంపుతారు. ఈ జాగ్రత్త తెలియక చిన్న దెబ్బతోనే ఆటకు దూరమైనవారు ఊరూరా కనిపిస్తారు.

ఉద్యోగం మాటేమిటి?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పోస్టులు డీఎస్సీ ద్వారా భర్తీ అవుతాయి. అయితే డీఎస్సీ ఏటా రాదు. అంతవరకు ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి పనిచేయవలసి రావచ్చు. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగడం మంచిది. ఒక ఆటకు కోచ్ కాదలచినవారికి 1961లో పాటియాలాలో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా మరో దారి.

పిల్లను పంపాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు ముందుగా దగ్గరి ఉన్నత పాఠశాల వ్యాయామోపాధ్యాయుని కలిసి ఖర్చు, అవకాశాలు అడిగి తెలుసుకోవాలి. ఊరికొక మల్లీశ్వరి పుట్టకపోవచ్చు. కాని కాలు బెణికిన పిల్ల ఆట మానకుండా చూసే మనిషి మాత్రం ప్రతి బడికీ కావాలి.