చక్రాల ఇంటికి మూడు ట్యాంకులు

సినిమా షూటింగుల పుణ్యమా అని క్యారవాన్ మనకు తెలిసిన బండే. అమెరికాలో ఇలాంటి బండిని ఆర్వీ అంటారు. అక్కడి తెలుగు కుటుంబాలు వేసవి సెలవులకు దాన్ని అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. లోపలి మంచాలూ పొయ్యీ ఫ్రిజ్జూ ఎంత ముచ్చటగా ఉన్నా, ప్రయాణం హాయిగా సాగాలంటే అడుగున ఉన్న మూడు ట్యాంకుల సంగతి తెలిసి ఉండాలి. మంచినీళ్లకు ఒకటి. సింకు, షవరు నీళ్లు చేరే గ్రే ట్యాంకు ఒకటి. మరుగుదొడ్డి కింద ఉండే బ్లాక్ ట్యాంకు ఒకటి.

లీటరు నీళ్లంటే కిలో బరువు. 190 లీటర్ల ట్యాంకు నిండా నింపితే బండి మీద 190 కిలోలు అదనంగా పడుతుంది. అందుకే కుళాయి ఉన్న క్యాంపుకు వెళ్లేవాళ్లు దారి ఖర్చుకు సరిపడా నీళ్లే పట్టుకుని, అక్కడికి చేరాక మిగతాది చూసుకుంటారు.

బ్లాక్ ట్యాంకు విషయంలో కొత్తవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు, జాగ్రత్త అనుకుని చేసేదే. క్యాంపులో మురుగు గొట్టం తగిలించగానే ట్యాంకు వాల్వు తెరిచి అలాగే వదిలేస్తారు. ఎప్పటిదప్పుడు పోతుంది కదా అని. పోయేది నీళ్లు మాత్రమే. గట్టిపదార్థం, కాగితం అడుగున నిలిచిపోయి, సరిగ్గా కమోడు కింద కుప్పపడి, ఎండి గట్టిపడతాయి. ఆర్వీవాళ్లు దాన్ని పిరమిడ్ అంటారు. అది లేచిందంటే రోజుల తరబడి నానబెట్టాలి, లేదా ఒత్తిడితో నీళ్లు కొట్టే మనిషిని పిలవాలి. సరైన పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. వాల్వు మూసే ఉంచాలి. ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండాక ఒక్కసారిగా తెరవాలి. అంత నీరు ఒక్క ఉరుకున పోతేనే అడుగున ఉన్నది కొట్టుకుపోతుంది. ఖాళీ అయిన ట్యాంకును పొడిగా వదలకూడదు. మళ్లీ వాడే ముందు అడుగు తడిసేలా కొన్ని లీటర్ల నీళ్లు పోసి ఉంచాలి.

ఈ ఒక్క విషయంలో మన అలవాటు మనకు మేలు చేస్తుంది. కాగితానికి బదులు నీళ్లు వాడేవాళ్ల బ్లాక్ ట్యాంకులో కాగితం తక్కువ, తడి ఎక్కువ. ట్యాంకు త్వరగా నిండుతుంది, నిజమే. కానీ నిండిన ట్యాంకును ఖాళీ చేయడం పది నిమిషాల పని. ఎండిన ట్యాంకును బాగుచేయడం అలా కాదు. బ్లాక్ ట్యాంకు దగ్గర నీళ్లకు వెనకాడకూడదని నేను గట్టిగా చెబుతాను. పొదుపు చేయాలనుకుంటే షవరు దగ్గర చేయండి.

మన వంట మాత్రం గ్రే ట్యాంకుకు పరీక్షే. పోపు నూనె, పప్పు అడుగులు, మెతుకులు సింకులోంచి లోపలికి జారితే ఆ మూసిన చీకట్లో రెండు రోజులకే కుళ్లుతాయి. వేసవిలో గ్రే ట్యాంకు కంపు బ్లాక్ ట్యాంకును మించిపోవడం కద్దు. అంట్లు తోమే ముందు గిన్నెలోని జిడ్డును కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయడం, సింకుకు సన్నని జల్లెడ పెట్టడం, ఈ రెండూ చేస్తే ఏ మందూ అక్కర్లేదు.

ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లు వెనక వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. గొట్టం మొదట్లో పారదర్శకమైన మలుపు ముక్క ఒకటి బిగిస్తే, వచ్చే నీళ్లు తేటపడ్డాయో లేదో కంటికి కనిపిస్తుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. మంచినీళ్ల గొట్టం వేరు, ట్యాంకు కడిగే గొట్టం వేరు. రంగులు కూడా వేరుగా ఉండాలి, రెండూ ఒకే అరలో ఉండకూడదు.

ట్యాంకు మొన్ననే ఖాళీ చేశాం, మీటరు ఇంకా నిండుగానే చూపిస్తోంది! చాలామంది బెంబేలుపడేది ఇక్కడే. చాలా బండ్లలో ట్యాంకు గోడకు రకరకాల ఎత్తుల్లో చిన్న లోహపు మొనలు ఉంటాయి. నీళ్లు వాటిని తాకితే కరెంటు ప్రవహించి దీపం వెలుగుతుంది. తడి కాగితం ముక్కో జిడ్డు పొరో అతుక్కున్నా అదే జరుగుతుంది. చెడింది మీటరు కాదు, గోడ మురికిగా ఉంది. ట్యాంకు బయటి గోడకు అతికించే సెన్సర్లకు ఈ బాధ చాలావరకు లేదు.

ట్యాంకులో ఐసు ముక్కలు వేసి బండి నడిపితే అవి లోపల రాపిడి చేసి శుభ్రం చేస్తాయని ఒక చిట్కా ఊరూరా తిరుగుతోంది. ఐసు నీళ్ల మీద తేలుతుంది, కాసేపటికి కరుగుతుంది. అడుగున గట్టిపడ్డదాని జోలికే పోదు. వెచ్చని నీళ్లు, కాస్త డిటర్జెంటు పోసి, బండి కుదుపులకు వదిలేసి, తర్వాత ఖాళీ చేయడం దానికన్నా వందరెట్లు మేలు.

ఇక మురుగును ఎక్కడపడితే అక్కడ వదిలేస్తే ఏమవుతుందో తెలియాలంటే, 2004 ఆగస్టు 8న షికాగోలో జరిగింది వినండి. డేవ్ మాథ్యూస్ బ్యాండు అనే సంగీత బృందం అద్దెకు తీసుకున్న టూర్ బస్సుల్లో ఒకదాని డ్రైవరు, కింజీ వీధి వంతెన మీద మురుగు ట్యాంకు వాల్వు తెరిచేశాడు. ఆ వంతెన మీద పరిచి ఉన్నది ఇనుప జాలీ. కింద నదిలో, నగర భవనాలు చూడటానికి బయల్దేరిన వందమందికి పైగా జనంతో పైకప్పులేని పడవ పోతోంది. సుమారు 360 కిలోల మురుగు వాళ్ల నెత్తిన పడింది. డ్రైవరు నేరం ఒప్పుకున్నాడు. ఇలినాయ్ రాష్ట్రం వేసిన దావాలో బ్యాండు 2 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. మురుగును పారబోయడానికి డంప్ స్టేషన్లున్నాయి. క్యాంపు గ్రౌండ్లలో, కొన్ని రాష్ట్రాల రోడ్డు పక్క విశ్రాంతి స్థలాల్లో అవి దొరుకుతాయి. చెట్టు చాటున వాల్వు తిప్పేవాళ్లను క్షమించడం నా వల్ల కాదు.

యెల్లోస్టోన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ పార్కు మొత్తంలో నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ నేరుగా బండికి తగిలించుకునే వీలున్న క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. గ్రిజ్లీ ఎలుగుల భయం వల్ల అక్కడ గుడారాలు ఒప్పుకోరు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. మిగతా క్యాంపుల్లో ఉండాలంటే ట్యాంకుల లెక్క ముందే చూసుకోవాలి.

కంపు పోవడానికి ఒకప్పుడు ఫార్మాల్డిహైడ్ మందులు ధారాళంగా పోసేవారు. చిక్కేమిటంటే, ఆ మురుగు చేరేది క్యాంపు సెప్టిక్ ట్యాంకుకు. అక్కడ మలాన్ని కుళ్లబెట్టి తేలికచేసే బ్యాక్టీరియాను కూడా ఆ మందు చంపేస్తుంది. కాలిఫోర్నియా ఇలాంటి మందులను నిషేధించింది. మన రైళ్లలోని బయో టాయిలెట్లు నడిచేదీ బ్యాక్టీరియా మీదే. డీఆర్డీఓ రూపొందించిన ఆ తొట్టెల్లో గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, వాయువుగా మారుస్తాయి. బ్లాక్ ట్యాంకులో బ్లీచ్ పోయకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది.

కంపు బండిలోకి రాకూడదంటే, బాత్రూమ్ పైకప్పు ఫ్యాను తిరుగుతుండగా ఫ్లష్ నొక్కకూడదు. ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే ఆ వెలితిని పూడ్చడానికి ట్యాంకులోని గాలి కమోడులోంచి పైకి వస్తుంది. ముందు ఫ్యాను ఆపాలి, ఫ్లష్ మూసుకున్నాక వేయాలి.

బ్లీచ్ పనికొచ్చేది మంచినీళ్ల ట్యాంకుకు. 57 లీటర్లకు పావు కప్పు, అంటే 60 మిల్లీలీటర్ల సువాసన లేని మామూలు బ్లీచ్. గాఢత ఎక్కువున్న కొత్త రకాలైతే ఇంకా తక్కువ చాలు. ముందుగా ఫిల్టర్లు తీసేయాలి, లేకపోతే క్లోరిన్‌ను అవే పీల్చేసుకుంటాయి. బ్లీచ్‌ను బకెట్ నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నింపి, ప్రతి కుళాయీ బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పాలి. కనీసం 4 గంటలు నిలవ ఉంచి పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. తర్వాత వెనిగర్ వాడేవాళ్లున్నారు. బ్లీచ్ ఆనవాలు లేకుండా కడిగాకే వాడాలి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇంత శ్రమ ఎందుకంటే, గోరువెచ్చగా నిలవున్న నీళ్లు లీజియొనెల్లా బ్యాక్టీరియాకు ఇష్టం. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్లు న్యుమోనియాతో కుప్పకూలినప్పుడు బయటపడిన క్రిమి ఇది. తాగితే కన్నా, షవరు తుంపర్లను పీల్చినప్పుడు వచ్చే ముప్పే ఎక్కువ.

స్టీలు తొట్టి ఉన్న వాటర్ హీటర్లలో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. తొట్టి బదులు అది తుప్పుకు బలవుతుంది. ఏటా విప్పి చూసి, చాలావరకు అరిగిపోతే మార్చేయాలి. విప్పే ముందు హీటరు పూర్తిగా చల్లారాలి, ఒత్తిడి దింపాలి.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, గొట్టాలు పగులుతాయి. అందుకే మంచు పడే ప్రాంతాల వాళ్లు చలికాలానికి ముందు ట్యాంకులూ హీటరూ ఖాళీ చేసి, గొట్టాల్లోకి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కిస్తారు. అది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన ఆర్వీ రకమే కావాలి. కారు రేడియేటర్లలో సాధారణంగా పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం. ప్రతి కుళాయిలోంచి గులాబీ రంగు వచ్చేదాకా తిప్పుతారు. చాలామంది మరిచిపోయేది బండి బయటి పక్కన ఉండే షవరును. వసంతంలో అక్కడి గొట్టమే పగిలి కారుతుంది.