అమ్మకానికి ఇల్లు చూపించడం

అమ్మకానికి ఇల్లు చూపించడం అనగా, ఇల్లు అమ్మదలచిన యజమాని, కొనదలచినవారికి ఇంటి లోపలి, వెలుపలి భాగాలను, హక్కు పత్రాలను పరిశీలించే అవకాశం కల్పించడం. ఎవరు చూపాలి, ఎప్పుడు చూపాలి, సామానుతో చూపాలా ఖాళీ చేసి చూపాలా, లోపాలను ఎంతవరకు తెలియజేయాలి అనేవి ఇందులో ముఖ్యమైన నిర్ణయాలు. మొదటి మూడూ యజమాని ఇష్టాన్ని బట్టి ఉంటాయి. నాలుగవదానిని మాత్రం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం విక్రేత బాధ్యతగా నిర్దేశించింది.

ఈ వ్యాసం ప్రధానంగా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలోని పరిస్థితులను వివరిస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, పూర్వపు ఆదిలాబాదు జిల్లా నుండి మంచిర్యాల, నిర్మల్, కొమరంభీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడ్డాయి.

నేపథ్యం

పూర్వం గ్రామాలలో ఇల్లు చేతులు మారడం ఎక్కువగా పాలివారి మధ్య, ఇరుగుపొరుగు వారి మధ్య జరిగేది. ఏ గోడ ఎప్పుడు కట్టినదో, ఏ అర్ర వానకు కురుస్తుందో ఊరివారికి తెలిసే ఉండేది కనుక ప్రత్యేకంగా చూపవలసిన అవసరం ఉండేది కాదు. పెద్దమనుషుల సమక్షంలో తెల్ల కాగితంపై వ్రాసుకొనే సాదా బైనామాతో వ్యవహారం ముగిసేది. పట్టణాలు పెరిగి, కొనేవారు కొత్తవారు కావడంతో ఇల్లు చూపించడం అమ్మకంలో ఒక ముఖ్య ఘట్టమైంది.

అమెరికా మొదలైన దేశాలలో ఒక ఆదివారం నిర్ణీత వేళల్లో ఇంటి తలుపులు తెరచి ఉంచి, ఎవరైనా వచ్చి చూసే పద్ధతి ఉంది. దీనిని ఓపెన్ హౌస్ అంటారు. అమ్మకానికి ముందు ఇంటిని సామానుతో తీర్చిదిద్దే హోమ్ స్టేజింగ్ కూడా 1970వ దశకం నుండి అక్కడ ప్రచారంలోకి వచ్చింది. ఉత్తర తెలంగాణ పట్టణాలలో ఈ రెండూ అరుదు. ముందుగా ఫోను చేసి, ఒక్కొక్క కుటుంబం విడివిడిగా వచ్చి చూడడమే ఇక్కడ వాడుక. సాధారణంగా మొదటిసారి ఇంటి పెద్ద, రెండవసారి భార్య, తల్లిదండ్రులతో కలిసి, ఆ తరువాత వాస్తు తెలిసినవారిని, మేస్త్రీని వెంటబెట్టుకొని వస్తారు. బేరం కుదిరితే బయానా ఇచ్చి ఒప్పందం వ్రాసుకుంటారు.

చట్టపరమైన బాధ్యత

కొనేవాడే చూసి జాగ్రత్తపడాలి అనేది ఇంగ్లండులో పుట్టిన పాత న్యాయసూత్రం. ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ఈ సూత్రానికి హద్దు విధించింది. దీని ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తిలోగాని, హక్కులోగాని ఉన్న ముఖ్యమైన లోపం విక్రేతకు తెలిసి, కొనేవారికి తెలియక, వారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, దానిని విక్రేత తెలియజేయాలి. అడిగినప్పుడు హక్కు పత్రాలను పరిశీలనకు ఇవ్వాలి. ఆస్తి గురించి, హక్కు గురించి అడిగిన సంబంధిత ప్రశ్నలకు తనకు తెలిసినంతవరకు సమాధానం చెప్పాలి. లోపాన్ని చెప్పకుండా దాచడాన్ని ఈ సెక్షను మోసంగా పరిగణిస్తుంది.

కంటికి కనిపించే పగిలిన గచ్చు, విరిగిన కిటికీ ఈ కోవలోకి రావు. తేమ మరకలపై కొత్తగా సున్నం వేసి చూపడం, వరదలో మునిగిన సంగతి చెప్పకపోవడం, కోర్టులో నడుస్తున్న భాగపంపకాల దావాను దాచడం వంటివి వివాదానికి దారి తీస్తాయి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం, మోసం వలన కుదిరిన ఒప్పందాన్ని మోసపోయిన పక్షం రద్దు చేసుకోవచ్చు.

లోపం చెబితే ధర పడిపోతుందని చాలామంది భయపడతారు. అయితే చిన్న పట్టణాలలో కొనేవారు పక్కింటివారిని, వీధి చివర దుకాణదారుని, మేస్త్రీని విచారించకుండా బయానా ఇవ్వరు. ఉదాహరణకు, స్లాబు కారుతున్న ఇంటికి 40,000 రూపాయల మరమ్మతు అవసరమనుకుందాం. మేస్త్రీతో అంచనా వేయించి ముందే చెప్పినప్పుడు బేరం ఆ మొత్తం చుట్టూ తిరుగుతుంది. అదే లోపం పక్కింటివారి ద్వారా తెలిస్తే, కొనేవారు ఇంకెన్ని దాచారోనని శంకించి లక్షల్లో తగ్గించమంటారు, లేదా బేరమే వదిలేస్తారు. అప్పు తీర్చడానికో, పిల్ల పెళ్ళికో, వైద్యానికో ఇల్లు అమ్ముకునే కుటుంబానికి ఒక బేరం చెడితే పోయే కాలం కూడా నష్టమే.

ఎవరు చూపాలి

యజమాని స్వయంగా చూపినప్పుడు ప్రశ్నలకు సరైన సమాధానాలు దొరుకుతాయి. మధ్యవర్తి చూపినప్పుడు కొనేవారు లోపాల గురించి స్వేచ్ఛగా మాట్లాడగలుగుతారు. అయితే మధ్యవర్తికి తెలియని విషయాలు మరుగున పడే ప్రమాదం ఉంది. అందువలన మధ్యవర్తికి అప్పగించినప్పటికీ, ఇంటి వివరాలు, లోపాలు, అడిగే ధర ఒక కాగితంపై వ్రాసి ఇవ్వడం మంచిది.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువ. యజమాని అక్కడ ఉన్నప్పుడు భార్యగాని, అన్నదమ్ములుగాని ఇల్లు చూపుతారు. ఇల్లు చూపడానికి మౌఖిక అనుమతి చాలు. దస్తావేజుపై సంతకం చేయడానికి మాత్రం సక్రమమైన పవర్ ఆఫ్ అటార్నీ అవసరం. విదేశంలో వ్రాసిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది భారతదేశానికి చేరిన 3 నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించాలి. పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిపే అమ్మకం వలన కొనేవారికి యాజమాన్య హక్కు రాదని, రిజిష్టరు అయిన విక్రయ దస్తావేజు అవసరమని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

ఇంట్లో కిరాయిదారులు ఉంటే వారికి ముందుగా తెలియజేసి, వారికి అనువైన వేళలోనే చూపాలి. ఇల్లు అమ్ముడైనంత మాత్రాన కిరాయి ఒప్పందం దానంతటదే రద్దు కాదు. ఈ సంగతి కొనేవారికి కూడా చెప్పాలి.

ఇంటిని సిద్ధం చేయడం

సామానుతో ఉన్న ఇల్లు గదుల ఉపయోగాన్ని తెలుపుతుంది. ఖాళీ ఇల్లు విశాలంగా కనిపిస్తుంది గాని, గోడల మీది ప్రతి మరకా బయటపడుతుంది. ఎక్కువమంది నివసిస్తున్న ఇంటినే చూపుతారు కనుక అదనపు సామాను తీసివేసి, కిటికీలు తెరచి, నీటి ట్యాంకు నింపి, దీపాలు, పంకాలు పనిచేసేటట్లు చూసుకుంటే చాలు.

పాత పెంకుటిళ్ళలో దూలాలు, వాసాలు, దర్వాజలు టేకుతో చేసినవైతే వాటికి ప్రత్యేకమైన విలువ ఉంటుంది. అందువలన వాటిపై రంగు పూయకుండా చూపడం మేలు. స్లాబు ఇళ్ళలో పైకప్పు, మెట్లు, మరుగుదొడ్డి గోడల వెనుక భాగం తప్పక చూపాలి. బోరు లోతు, వేసవిలో నీరు ఉండే తీరు, నల్లా వచ్చే వేళలు చెప్పాలి. రామగుండం, మంచిర్యాల పరిసరాలలో ఓపెన్‌కాస్టు గనులకు దగ్గరగా ఉన్న ఇళ్ళ విషయంలో పేలుళ్ళ ప్రకంపనల గురించి కొనేవారు అడగడం సహజం.

కాలం, వేళ

ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. కావున ఎండాకాలంలో ఉదయం 10 గంటలలోపు, లేదా సాయంత్రం చూపుతారు. వేసవిలో నీటి ఎద్దడి, వర్షాకాలంలో కురిసే పైకప్పు బయటపడతాయి. అందువలన కొనేవారు రెండు కాలాల గురించీ అడగాలి.

వరద చరిత్ర ముఖ్యమైనది. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణంలో, 2022 జూలైలో మంచిర్యాలలో పలు కాలనీలు నీట మునిగాయి. అటువంటి కాలనీలలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో చెప్పడం విక్రేత నిజాయితీకి గుర్తు.

ఆషాఢం, పుష్య మాసం, మూఢం రోజులలో చాలామంది ఇల్లు చూడడం, బయానా ఇవ్వడం వాయిదా వేస్తారు. ఆ రోజులను పత్రాలు సిద్ధం చేసుకోవడానికి వినియోగించవచ్చు.

పత్రాలు చూపడం

విక్రయ దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, నిర్మాణ అనుమతి, కరెంటు బిల్లు సాధారణంగా చూపవలసినవి. అనుమతి లేని లేఅవుటులోని స్థలమైతే క్రమబద్ధీకరణ ఏ దశలో ఉన్నదో చెప్పాలి. బ్యాంకు రుణం ఉంటే మిగిలిన బాకీ వివరం ఇవ్వాలి. పిత్రార్జితమైతే వాటాదారులందరి సమ్మతి ముందే పొందడం అవసరం. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం కుమార్తెలకు కుమారులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. అందువలన ఆడపడుచుల సమ్మతి లేకుండా ఇల్లు చూపడం మొదలుపెడితే బేరం చివరిదశలో ఆగిపోవచ్చు.

షెడ్యూల్డు ప్రాంతాలు

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఉట్నూరు, జైనూరు తదితర మండలాలలోని షెడ్యూల్డు గ్రామాలకు ప్రత్యేక నిబంధన ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనావళి 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తించింది. దానికి 1970లో చేసిన సవరణ ప్రకారం, అక్కడి స్థిరాస్తిని గిరిజనులకు లేదా గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘానికి తప్ప ఇతరులకు బదిలీ చేయడం చెల్లదు. అమ్మేవారు గిరిజనేతరులైనా ఇదే నియమం. అటువంటి గ్రామంలో ఇల్లు చూపే ముందు కొనేవారు అర్హులా కాదా అన్నదే మొదటి ప్రశ్న. అర్హత లేనివారికి ఇల్లు ఎంత నచ్చినా, డబ్బు ఎంత చెల్లించినా వారికి హక్కు దక్కదు.

అలాగే సింగరేణి, ఎన్.టి.పి.సి. క్వార్టర్లు ఆయా సంస్థల ఆస్తి. వాటిలో నివసించే ఉద్యోగులకు వాటిని అమ్మే హక్కు లేదు.

జాగ్రత్తలు

 * వచ్చేవారి పేరు, ఫోను నంబరు ముందుగా వ్రాసుకోవాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కొత్తవారికి చూపరాదు.
 * బంగారం, నగదు, అసలు పత్రాలు బీరువాలో భద్రపరచాలి. పరిశీలనకు నకళ్ళు ఇచ్చి, వాటిపై "పరిశీలన నిమిత్తం మాత్రమే" అని వ్రాయాలి. అసలు పత్రాలను తన సమక్షంలోనే చూపాలి.
 * తెలియని విషయం అడిగినప్పుడు ఊహించి చెప్పరాదు.
 * బయానా 20,000 రూపాయలు, అంతకు మించి ఉంటే నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టరీత్యా నిషిద్ధం. బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.
 * చెప్పిన లోపాలను ఒప్పంద పత్రంలో కూడా వ్రాయించాలి. కొనేవారికి ముందే తెలుసని తరువాత నిరూపించడానికి విక్రేతకు ఇది ఆధారమవుతుంది.

ఇవి కూడా చూడండి

 * ఆస్తి బదిలీ చట్టం
 * దస్తావేజు
 * పవర్ ఆఫ్ అటార్నీ
 * వాస్తు శాస్త్రం