మిషన్ ఆసుపత్రిలో కూడా బిల్లు ఎందుకు?

"మిషన్ ఆసుపత్రి కదా సిస్టర్, ఇక్కడ కూడా డబ్బులేనా?" అని బిల్లు చేతికిచ్చినప్పుడు చాలామంది అడుగుతుంటారు. అడగడంలో తప్పు లేదు. అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల ఊళ్ళలో కూలి పనికి వెళ్ళే కుటుంబానికి వెయ్యి రూపాయలన్నా పెద్ద మొత్తమే. కాబట్టి ఆ బిల్లులో ఏముంటుందో మీకు తెలియాలి.

డాక్టరుగారి ఫీజు అందులో ఒక భాగం మాత్రమే. కరెంటు పోతే జనరేటరుకు డీజిల్, ఆక్సిజన్, రక్తపరీక్షల సామాను, దుప్పట్లు ఉతికేవారి కూలి, రాత్రి డ్యూటీ నర్సుల జీతాలు అన్నీ దానిలోంచే రావాలి. ఇవన్నీ పోను కొంత మిగలాలి కూడా. మిగలకపోతే ఎక్స్‌రే మిషను పాడైన రోజున బాగుచేయించలేము. సేవాసంస్థల్లో "లాభం" అనే మాట పలకడానికే కొందరు జంకుతారు. నాకైతే అందులో సిగ్గుపడవలసింది కనబడదు. మంచి సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని పూటకూళ్ళ ఇంట్లో చేర్చి రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆ డబ్బు తీసుకున్నందుకు పూటకూళ్ళవాణ్ని యేసు ప్రభువు తప్పుపట్టలేదు.

మన హైదరాబాదులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు అమెరికా నుంచి తిరిగి వచ్చి, 1987లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్‌గారి విరాళం దానికి అండ అయింది. కానీ విరాళం ఒకసారి వస్తుంది, రోగులు రోజూ వస్తారు. అక్కడ స్తోమత ఉన్నవారు ఫీజు కడతారు, లేనివారికి ఉచితంగా వైద్యం చేస్తారు. అంతకుముందు 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామిగారు 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిదీ ఇదే పద్ధతి. శుక్లాల ఆపరేషనులో కంట్లో పెట్టే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి వచ్చేది, పేదలకు అందని ధర. అరవింద్ వారు 1992లో ఆరోల్యాబ్ స్థాపించి ఇక్కడే తయారుచేసి, చాలా తక్కువ ధరకు అమ్మారు. అయినా ఆ సంస్థ తన కాళ్ళ మీద తాను నిలబడింది.

అలాగని ఏ బిల్లయినా న్యాయమైనదే అనను. అవసరం లేని స్కానింగు రాయడం, రోగిని పంపినవారికి కమీషన్ ఇవ్వడం లాభం కాదు, దోపిడీ. డాక్టర్లు అలా కమీషన్ ఇచ్చిపుచ్చుకోకూడదని 2002 నాటి వైద్యవృత్తి నియమాలే చెబుతున్నాయి. ఏ పరీక్ష ఎందుకో, ఎంతవుతుందో ముందే అడగండి. అడిగితే కోప్పడే చోట ఇంకోసారి ఆలోచించుకోండి.

మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఒకటుంది. డబ్బు లేదని చెప్పడానికి మొహమాటపడి కొందరు రోగిని మధ్యలోనే ఇంటికి తీసుకుపోతారు. షుగరు ఉన్నవారి కాలి పుండు నాలుగు రోజులు కట్టు మార్చకపోతే ఎముక దాకా పోవచ్చు, అప్పుడు వేలు తీసేయవలసి రావచ్చు. అందుకే చేర్చిన రోజే చెప్పండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ రోగి జబ్బుకు అది ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో వాకబు చేయండి. వర్తించకపోతే రాయితీ గురించో, వాయిదాల గురించో మాట్లాడవచ్చు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తెచ్చుకోండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీసుకోండి.