ఆల్టో రాప్సొడీ

ఆల్టో రాప్సొడీ జర్మన్ స్వరకర్త యొహానెస్ బ్రామ్స్ (1833-1897) 1869లో రచించిన బృందగాన కృతి. ఒక గాయని, పురుషుల గాయక బృందం, ఆర్కెస్ట్రా కలసి దీనిని ప్రదర్శిస్తారు. ప్రదర్శనకు సుమారు 13 నిమిషాలు పడుతుంది. పాశ్చాత్య సంగీతంలో స్త్రీల గాత్రాలలో కింది స్థాయి గాత్రాన్ని ఆల్టో అనీ, కట్టుబాట్లు తక్కువగా గల స్వేచ్ఛా రచనను రాప్సొడీ అనీ అంటారు.

నేపథ్యం

స్వరకర్త రాబర్ట్ షూమాన్, పియానో విద్వాంసురాలు క్లారా దంపతుల కుటుంబానికి బ్రామ్స్ ఆప్తుడు. వారి మూడవ కుమార్తె జూలీపై ఆయనకు అనురాగం ఉండేది గాని దానిని ఆమెకు తెలుపలేదు. 1869 వేసవిలో ఇటలీకి చెందిన ఒక ప్రభువుతో ఆమె వివాహం నిశ్చయమైనది. సెప్టెంబరు 22న వివాహం జరిగింది. ఆ తరువాత బ్రామ్స్ ఈ కృతిని క్లారాకు వినిపించి, ఇది తన పెళ్ళిపాట అని చెప్పాడు. ఇందులోని వేదన బ్రామ్స్ సొంత వేదనేనని క్లారా భావించి తన దినచర్యలో రాసుకున్నది. జూలీ 1872లో మరణించింది.

సాహిత్యం

జర్మన్ మహాకవి గేథే 1777 శీతకాలంలో హార్జ్ పర్వతాలలో పర్యటించి, ఆ అనుభవంతో ఒక కవిత రచించాడు. మనుషులపై విరక్తి చెందిన ఒక యువకుడిని ఆయన ఆ పర్యటనలో కలుసుకున్నాడు. ఆ ఏకాకిని గురించిన మూడు చరణాలనే బ్రామ్స్ తీసుకున్నాడు.

నిర్మాణం

కృతిలో మూడు భాగాలున్నాయి. మొదటి రెండింటిలో గాయని ఒక్కతే ఆర్కెస్ట్రాతో పాడుతుంది. మొదటి భాగం దారి తప్పి నిర్జన ప్రదేశంలోకి వెళ్ళిన మనిషిని, రెండవది ప్రేమలో సైతం ద్వేషాన్నే చవిచూసిన అతని బాధను వర్ణిస్తాయి. ఇవి సి మైనర్ శ్రుతిలో సాగుతాయి. మూడవ భాగం అతని హృదయానికి ఊరట కలిగించమని దైవానికి చేసే ప్రార్థన. ఇక్కడ శ్రుతి సి మేజర్‌కు మారుతుంది. పురుషుల బృందం మొదటిసారిగా గొంతు కలుపుతుంది. మైనర్ శ్రేణి స్వరాలు కర్ణాటక సంగీతంలోని నఠభైరవికి, మేజర్ శ్రేణి స్వరాలు ధీరశంకరాభరణానికి దగ్గరగా ఉంటాయి. బృందమంతా ఒకే వరుస పాడక, నాలుగు శాఖలుగా వేర్వేరు స్వరాలను ఏకకాలంలో పలుకుతుంది. ఏకాకిని గురించి అంతవరకు ఒంటరిగా వినిపించిన గాత్రానికి ఆ విధంగా తోడు లభిస్తుంది. ఇదే ఈ కృతికి ప్రాణం.

ప్రదర్శనలు

1870 మార్చి 3న జర్మనీలోని యేనా నగరంలో పాలిన్ వియార్డో గాయనిగా ప్రథమ ప్రదర్శన జరిగింది. ఆంగ్ల గాయని కాథ్లీన్ ఫెరియర్ 1947లో ఇచ్చిన రికార్డు ప్రసిద్ధమైనది.