వైఫై పోయిందా? విమానాన్ని తిట్టకండి!

మిక్సీ తిరగకపోతే మనమేం చేస్తాం? ముందు ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూస్తాం. లైటు వేసి కరెంటు ఉందా అని చూస్తాం. జారు తీసి మళ్ళీ కూర్చోబెడతాం. అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కుతాం. ఇన్ని అయ్యాకే రిపేరు షాపు గుర్తొస్తుంది. ఇదంతా మనకి ఏ కాలేజీలోనూ నేర్పలేదు. కానీ లాప్‌టాప్‌లో వైఫై రాకపోతే మాత్రం ఆ తెలివంతా ఎటు పోతుందో తెలియదు! "అబ్బాయి వచ్చాక చూస్తాడులే" అని మూత మూసి పక్కన పెట్టేస్తాం. ఆ అబ్బాయి వచ్చేది శనివారం రాత్రికి. కొందరి ఇళ్ళలో అయితే ఆ అబ్బాయి ఉండేది అమెరికాలో!

మేముండే శంషాబాద్‌లో కొంతకాలంగా ఏ నలుగురు ఆడవాళ్ళు కలిసినా ఈ మాట వస్తోంది. కారణం లేకపోలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో చాలా ఇళ్ళలో లాప్‌టాప్‌లకు విండోస్ 11 ఎక్కించుకున్నారు. పిల్లలు చదువుకుని, ఉద్యోగాలకి వెళుతూ అమ్మానాన్నలకి వదిలిపెట్టిన లాప్‌టాప్‌లే ఇందులో ఎక్కువ. ఇలా సిస్టమ్ మారిన మర్నాడు కొందరి ఇళ్ళలో వైఫై మాయం!

తప్పు విమానానిదా?

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి తరలి వచ్చినప్పటి నుంచీ మా ఊళ్ళో ఏ యంత్రం మొరాయించినా నింద విమానాల మీదే పడుతుంది. టీవీలో గీతలొచ్చినా, ఫోను తెగిపోయినా "పైనుంచి పోతున్నాయిగా, ఇంకేం పనిచేస్తాయి!" అంటారు. వైఫైకీ అదే మాట.

నిజానికి ఆకాశంలో ఎవరి దారి వాళ్ళకుంది. పైలట్లు కంట్రోల్ టవర్‌తో మాట్లాడేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. విమానాల కదలికలు కనిపెట్టే రాడార్లు 1030, 1090 మెగాహెర్ట్జ్‌ల దగ్గర కొన్ని, 2700 నుంచి 2900 మధ్య కొన్ని పనిచేస్తాయి. మన ఇళ్ళలో వైఫై ఎక్కువగా వాడేవి రెండు దారులు. ఒకటి 2400 మెగాహెర్ట్జ్ దగ్గరిది, రెండోది 5000 దాటాక ఉన్నది. రౌటర్ పెట్టె మీద 2.4, 5 అని రాసి ఉండేవి ఇవే.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. ఆ 5 దారిలో కొంత భాగాన్ని వైఫైలు వాతావరణ రాడార్లలాంటి వాటితో పంచుకోవాలి. రాడార్ సంకేతం వినబడితే రౌటర్ తనంతట తానే ఆ ఛానల్ ఖాళీ చేసి తప్పుకోవాలని 2003లో జరిగిన ప్రపంచ రేడియో మహాసభలో నియమం పెట్టుకున్నారు. అలా తప్పుకున్నప్పుడు కాసేపు వైఫై తెగిపోవచ్చు. కానీ అప్పుడు ఆ దారిలో ఉన్నవన్నీ, అంటే లాప్‌టాప్‌తోపాటు ఫోనూ టీవీ కూడా, ఒకేసారి తెగిపోతాయి. మీ ఇంట్లో అలా జరుగుతుంటే ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన వాళ్ళకి ఫోన్ చేసి, "5 గిగాహెర్ట్జ్‌ని 36 నుంచి 48 లోపు ఛానల్‌లో పెట్టండి" అని అడగండి. ఆ నాలుగు ఛానళ్ళకి ఈ తప్పుకోవడం బాధ లేదు.

ఫోన్లన్నీ చక్కగా పనిచేస్తూ లాప్‌టాప్ ఒక్కటే మొండికేసిందా? అయితే ఆకాశం వైపు చూడక్కర్లేదు. గొడవ లాప్‌టాప్ లోపలే ఉంది.

ఎవరీ డ్రైవర్?

లాప్‌టాప్ లోపల వైఫై కోసం చిన్న కార్డు ఒకటుంటుంది. దాన్ని అడాప్టర్ అంటారు. అది సిస్టమ్‌తో నేరుగా మాట్లాడలేదు. ఇద్దరికీ మధ్య ఒక దుబాసీ ఉండాలి. ఆ దుబాసీ పనిచేసే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. ఆఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడనుకోండి. పాత గుమాస్తా రాసిన ఫైలు ఆయనకి అర్థం కాకపోతే ఏమవుతుంది? ఫైలూ మంచిదే, ఆఫీసరూ మంచివాడే, పని మాత్రం నిలిచిపోతుంది. సిస్టమ్ మారగానే వైఫై ఆగిపోవడానికి తరచుగా కనబడే కారణం ఇదే. కార్డు చెడిపోదు. దుబాసీ పాతబడతాడు, అంతే.

ఒక్కోసారి అప్‌డేట్‌లోనే లోపం ఉంటుంది. 2023 డిసెంబరులో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ తర్వాత పలు విశ్వవిద్యాలయాల్లో లాప్‌టాప్‌లు వైఫైకి కలవడం మానేశాయి. మైక్రోసాఫ్ట్ ఆ సంగతి ఒప్పుకుని ఆ మార్పును వెనక్కి తీసుకుంది. కనుక "నేనేం నొక్కానో ఏమో, పాడైపోయింది" అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

మూడు ప్రశ్నలు వేసుకోండి

వైఫై రాకపోతే కంగారు పడకుండా వరసగా ఈ మూడూ చూడండి.

మొదటిది: ఫోనుకి అదే వైఫై వస్తోందా? రాకపోతే తప్పు రౌటర్‌ది. దాని ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి పెట్టండి. ఫోనుకి వస్తూ ఉంటే రెండో ప్రశ్నకి వెళ్ళండి.

రెండోది: లాప్‌టాప్‌లో ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందా? తెర మీద కుడివైపు కింద మూలన నొక్కితే చిన్న విమానం బొమ్మ కనిపిస్తుంది. అది వెలుగుతుంటే ఆపేయండి. మా ఊళ్ళో నిజంగా వైఫైని ఆపగలిగే విమానం అదొక్కటే! అది ఆపినా రాకపోతే ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేయడం వేరు, రీస్టార్ట్ వేరు. చాలా లాప్‌టాప్‌లు షట్‌డౌన్ చేసినప్పుడు త్వరగా లేవడం కోసం లోపలి సంగతులు కొన్ని దాచుకునే పడుకుంటాయి. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. 2016 డిసెంబరులో ఎంతోమంది విండోస్ 10 వాళ్ళకి ఇంటర్నెట్ ఆగిపోతే, మైక్రోసాఫ్ట్ చెప్పిన మొదటి చిట్కా కూడా ఇదే.

మూడోది: వైఫై పేర్ల జాబితాలో ఏం కనిపిస్తోంది? ఇక్కడే అసలు గుట్టు తెలిసిపోతుంది.

పక్కింటి వాళ్ళ పేర్లు కనిపించి మన పేరు లేకపోతే, మన రౌటర్ 5 దారిలోనే ఉందేమో చూడాలి. పాత లాప్‌టాప్‌లు కొన్నింటికి 2.4 దారి ఒక్కటే తెలుసు. పైగా 5 దారి వేగం ఎక్కువైనా గోడలు అంత తేలిగ్గా దాటలేదు. వంటింటి దాకా రావాలంటే 2.4 నయం.

మన పేరు కనిపించి, కలిసి, "నో ఇంటర్నెట్" అంటుంటే ఆ పేరు మీద కుడి బటన్ నొక్కి "ఫర్‌గెట్" కొట్టి, పాస్‌వర్డ్ కొత్తగా ఇవ్వండి. పాత యాంటీవైరస్ గానీ, వీపీఎన్ గానీ ఉంటే కాసేపు ఆపి చూడండి.

అసలు వైఫై అన్న మాటే కనిపించకపోతే, అదే డ్రైవర్ గొడవ.

పెద్దమ్మ ఫారం కథ

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. కూతురికి అమెరికాలో నెలలు నిండుతున్నాయి. పురుటికి వెళ్ళాలి. వీసా కోసం డీఎస్-160 అనే పెద్ద ఫారం ఇంటర్నెట్‌లోనే నింపాలి. సాయంత్రాలు కూర్చుని ఇద్దరం కలిసి నింపుతున్నాం. సగం నింపి దాచుకున్న ఫారం 30 రోజులే ఉంటుంది. విడిగా మన కంప్యూటర్‌లో దాచుకోకపోతే ఆ తర్వాత మళ్ళీ మొదటికే. ఫారం అయితే గానీ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో తారీఖు తీసుకోవడానికి లేదు. సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో బంధువుల అబ్బాయి వచ్చి లాప్‌టాప్‌కి కొత్త సిస్టమ్ ఎక్కించి వెళ్ళాడు. అంతే, వైఫై మాయం.

"నిన్నటి సంది వైఫై గుర్తే కనవడ్తలేదు బిడ్డా. దుకాణపాయనకు చూపిస్తే కార్డు పోయిందంటుండు. నాలుగు వేలట! వారం ఆగాల్నట!" అంది పెద్దమ్మ దిగులుగా. అప్పటికి 30 రోజుల్లో 22 గడిచిపోయాయి.

స్టార్ట్ గుర్తు మీద కుడి బటన్ నొక్కి డివైజ్ మేనేజర్ తెరిచాం. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్న చోట వైఫై కార్డు పేరు ఉంది. దాని పక్కన పసుపుపచ్చ త్రికోణం. నిజంగా కార్డే పోయి ఉంటే మామూలుగా అక్కడ దాని పేరే కనిపించదు. పేరుండి పక్కన త్రికోణం ఉందంటే చాలావరకు కార్డు బతికే ఉంది, దుబాసీ సరిగా లేడన్నమాట. నాలుగు వేలు ఇవ్వక్కర్లేదని అప్పుడే ధైర్యం వచ్చింది.

కానీ కొత్త డ్రైవర్ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

ఈ చిక్కు విప్పింది ఫోను చార్జింగ్ తీగ. ఆండ్రాయిడ్ ఫోనుని ఆ తీగతో లాప్‌టాప్‌కి కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న చోటే ఉండే "యూఎస్‌బీ టెథరింగ్" నొక్కితే చాలు. ఫోనులోని ఇంటర్నెట్ తీగలోంచి లాప్‌టాప్‌కి వస్తుంది. దీనికి వైఫై కార్డుతో పనే లేదు. తీగ మాత్రం డేటా పంపే తీగ అయి ఉండాలి. కొన్ని చవక తీగలు చార్జింగ్‌కి తప్ప పనికిరావు.

ఇంటర్నెట్ వచ్చింది. "డ్రైవర్ సంగతి చూద్దామా పెద్దమ్మా?" అన్నాను.

"ముందుగాల ఫారం నింపుదాం బిడ్డా. వైఫై యాడికి పోతది?" అంది.

ఎంత సబబైన మాట! ఫారం పూర్తిచేసి పంపి, దాని కాగితం భద్రం చేసుకున్నాకే డ్రైవర్ జోలికెళ్ళాం. లాప్‌టాప్ అడుగున చీటీ మీద ఉన్న మోడల్ నంబరుతో తయారీ సంస్థ సైట్‌లో వెతికి, కొత్త సిస్టమ్‌కి సరిపోయే వైఫై డ్రైవర్ దించి, ఎక్కించి, రీస్టార్ట్ చేశాం. వైఫై పేర్లన్నీ వరసగా ప్రత్యక్షమయ్యాయి. డ్రైవర్ పని మొత్తం నలభై నిమిషాలు.

ఇంకా లొంగకపోతే

డివైజ్ మేనేజర్‌లోనే కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కితే డ్రైవర్ అన్న పేజీ వస్తుంది. నిన్నటిదాకా పనిచేసి ఈరోజు అప్‌డేట్‌తో ఆగిపోతే అక్కడ "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి, పాత డ్రైవర్ తిరిగొస్తుంది. ఆ బటన్ వెలిసిపోయి ఉంటే "అన్‌ఇన్‌స్టాల్ డివైజ్" నొక్కి రీస్టార్ట్ చేయండి. సిస్టమే మళ్ళీ కార్డుని వెతికి డ్రైవర్ పెట్టుకుంటుంది. డ్రైవర్‌ని కూడా తీసేయమంటావా అని అడిగే గడిలో మాత్రం టిక్కు పెట్టకండి.

కాసేపు వచ్చి కాసేపు పోతుంటే, పక్కనే "పవర్ మేనేజ్‌మెంట్" పేజీ ఉందేమో చూడండి. కరెంటు ఆదా కోసం కార్డుని ఆపే అనుమతి అక్కడుంటుంది. ఆ టిక్కు తీసేయండి.

ఆఖరి ఆయుధం "నెట్‌వర్క్ రీసెట్". సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి కనుక ముందే రాసి పెట్టుకోండి. దేనికీ లొంగకపోతే, సిస్టమ్ మారిన 10 రోజుల్లోపు పాతదానికి వెళ్ళే వీలుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. ముఖ్యమైన ఫోటోలూ కాగితాలూ పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాకే ఇది చేయండి. విండోస్ 10కి ఇప్పుడు మామూలు మద్దతు లేదు కాబట్టి దీన్ని తాత్కాలిక ఉపాయంగానే చూడాలి.

షాపుకి ఎప్పుడు వెళ్ళాలి?

రీస్టార్ట్ చేసినా డివైజ్ మేనేజర్‌లో కార్డు పేరే కనిపించకపోతే, లేదా లాప్‌టాప్ కింద పడ్డాకో నీళ్ళు పడ్డాకో వైఫై పోతే, అప్పుడు తప్పకుండా వెళ్ళండి. ఆలోగా పని ఆగిపోతుందనుకుంటే యూఎస్‌బీకి గుచ్చుకునే చిన్న వైఫై అడాప్టర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి.

వెళ్ళినా చేతులు కట్టుకుని నిలబడకండి. "ఫోనుకి వైఫై వస్తోంది, ఏరోప్లేన్ మోడ్ లేదు, డివైజ్ మేనేజర్‌లో కార్డు కనిపించడం లేదు" అని మూడు ముక్కలు చెప్పండి. కూరగాయలు ముట్టుకుని చూసే మనిషితో బేరం ఒకలా ఉంటుంది, దూరం నుంచి అడిగే మనిషితో ఇంకోలా ఉంటుంది. ఇదీ అంతే.

ఇంకా సిస్టమ్ మార్చని వాళ్ళుంటే, మార్చడానికి ముందు రోజే ఈ మూడు పనులూ చేసి పెట్టుకోండి. వైఫై పాస్‌వర్డ్, లాప్‌టాప్ మోడల్ నంబరు పాల లెక్కలు రాసే పుస్తకం వెనక రాసుకోండి. తయారీ సంస్థ సైట్ నుంచి కొత్త సిస్టమ్‌కి సరిపోయే వైఫై డ్రైవర్‌ని ముందే దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. మంచి డేటా తీగ ఒకటి లాప్‌టాప్ సంచీలో పడేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఫారాలు, ఫీజులు, పరీక్షలు ఉన్న వారంలో మాత్రం ఎవరెంత చెప్పినా సిస్టమ్ మార్చనివ్వకండి!